ఉప్పునీటి ట్యాంకులో నైట్రేట్ దించే వెనిగర్ డోసింగ్: మన ఎండలకు, మన కరెంటుకు సరిపడే పద్ధతి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు రీఫ్ ట్యాంకు (సముద్రపు చేపలు, కోరల్స్ అంటే పగడాలు పెంచే ట్యాంకు) పెట్టినవాళ్లు ఏడాది తిరగకముందే అడిగే ప్రశ్న ఇది: "నైట్రేట్ 40 దగ్గర కూర్చుంది. వారం వారం నీళ్లు మారుస్తున్నా దిగడం లేదు. వోడ్కా పోస్తే దిగుతుందంట, ఎంత పోయాలి?"

దిగుతుంది. అయితే వోడ్కా కంటే కిరాణం కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌తో మొదలుపెట్టడం మేలు. మొదట 100 లీటర్ల నీటికి రోజుకు 1 మి.లీ. చాలు, తర్వాత మెల్లగా పెంచుతాం. ఫలితం కనపడటానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు ఓపిక పట్టలేక మోతాదు ఒక్కసారిగా పెంచిన ట్యాంకుల్లోనే చేపలు పోతాయి. అవి పోయేది నైట్రేట్ వల్ల కాదు, వెనిగర్ పులుపు వల్లా కాదు, ఊపిరాడక. మే నెల ఎండలో, గాలివానకు కరెంటు పోయిన రాత్రి ఈ సంగతి గుర్తుండాలి. అందుకే కింద మోతాదుల గురించి ఎంత ఉందో ఆక్సిజన్ గురించీ అంతే ఉంది.

ఇది పనిచేసే తీరు, రెండు ముక్కల్లో

బయోఫ్లాక్ చేపల ట్యాంకుల్లో బెల్లం నీళ్లు పోయడం మీరు చూసే ఉంటారు. ఇదీ ఆ సూత్రమే. నీటిలో నత్రజని, భాస్వరం దండిగా ఉన్నా, తినడానికి కార్బన్ లేక బ్యాక్టీరియా పెరగలేకపోతుంది. మనం కార్బన్ ఇస్తే అది పెరుగుతూ నైట్రేట్‌ను, కొంత ఫాస్ఫేట్‌ను ఒంట్లోకి లాక్కుంటుంది. బయోఫ్లాక్‌లో ఆ బ్యాక్టీరియా ముద్దలను చేపలు తింటాయి. రీఫ్ ట్యాంకులో వాటిని ప్రొటీన్ స్కిమ్మర్ నురగతో బయటికి తీస్తుంది. స్కిమ్మర్ లేకపోతే ఆ బ్యాక్టీరియా ట్యాంకులోనే చచ్చి, తిన్నదంతా మళ్లీ నీటిలోకే వదులుతుంది. కాబట్టి స్కిమ్మర్ లేని ట్యాంకులో ఈ పని మొదలుపెట్టొద్దు.

సూత్రం ఒకటే కదా అని బెల్లం మాత్రం వేయొద్దు. అందులో రంగు, ఖనిజాలు, మడ్డి ఉంటాయి. చక్కెర కూడా వద్దు. దానితో కోరల్స్ గోధుమ రంగుకు తిరగడం, నీళ్లు ఒక్కసారిగా తెల్లబడటం ఎక్కువగా చూస్తాం.

మీ ట్యాంకు దీనికి సిద్ధంగా ఉందా

ట్యాంకు పెట్టి కనీసం ఆరు నెలలు కావాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 50 పీపీఎం (లీటరుకు మి.గ్రా.) దాటి ఉంటే ముందు నీళ్లు మార్చి దించండి. ఒకసారి 20 శాతం మారిస్తే 50 కాస్తా 40 అవుతుంది, అంతకంటే కాదు. నాలుగైదు విడతలు పడుతుంది. నైట్రేట్ 10 లోపు ఉండి, కోరల్స్ విచ్చుకుని మంచిగుంటే మీకు ఈ పద్ధతితో పనే లేదు. సాఫ్ట్ కోరల్స్, జోయాంతిడ్స్, హామర్ లాంటి ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల గట్టి పగడాలు) రకాలు 5 నుంచి 15 పీపీఎం నైట్రేట్‌లో హాయిగా బతుకుతాయి. అంకె సున్నా కావడం గొప్ప కాదు.

కావలసినవి

- తెల్ల వెనిగర్. మన దగ్గర సీసా మీద "సింథటిక్ వెనిగర్" అని ఉండి, ఎసిటిక్ యాసిడ్ 4 శాతం అని రాసి ఉండేదే ఎక్కువ. అది పనికొస్తుంది. రంగున్నది, కారమెల్ కలిపినది, మాల్ట్ వెనిగర్, ఆపిల్ సైడర్ వెనిగర్, నేలలు తుడిచే సువాసన వెనిగర్ వద్దు.
- 5 మి.లీ., 10 మి.లీ. సిరంజిలు, సూది లేకుండా. మెడికల్ షాపులో దొరుకుతాయి.
- నైట్రేట్, ఫాస్ఫేట్, కేహెచ్ (నీటి క్షారత) టెస్ట్ కిట్లు. ఫాస్ఫేట్‌కు రంగు చూసి పోల్చే కిట్ కంటే డిజిటల్ చెకర్ చాలా నయం.
- పనిచేసే స్కిమ్మర్, మీ నీటి పరిమాణానికి సరిపడేది.
- బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, రెండు ఎయిర్ స్టోన్లు. ఇవి లేకుండా మొదలుపెట్టొద్దు.
- ఒక నోటు పుస్తకం. తేదీ, మోతాదు, రీడింగులు రాయడానికి.

1. నీటిని లెక్కగట్టండి

ట్యాంకు సైజు చూసి మోతాదు వేయొద్దు, అందులో ఉన్న నీరు చూసి వేయాలి. ట్యాంకులు అడుగుల్లో చేయిస్తాం కాబట్టి అడుగుల్లోనే లెక్క వేసుకోండి: ఒక ఘనపు అడుగు 28.3 లీటర్లు.

4 × 1.5 × 1.5 అడుగుల ట్యాంకు అంటే 9 ఘనపు అడుగులు, 255 లీటర్లు. పైన రెండు అంగుళాలు వెలితి వదులుతాం, అక్కడికి 226. రాళ్లు, ఇసుక పట్టిన చోటు ఇంకో 20, 25 లీటర్లు. మిగిలింది 200. సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) నిలబడే నీరు 40 లీటర్లనుకుంటే మొత్తం 240. అనుమానముంటే తక్కువ అంకెనే తీసుకోండి. ట్యాంకు నింపేటప్పుడు బకెట్లు లెక్కపెట్టి రాసి పెట్టుకుని ఉంటే అంతకంటే మంచి లెక్క లేదు.

2. నైట్రేట్ ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడండి

ఒకవైపు పోస్తూ ఇంకోవైపు తీస్తే లాభం లేదు. మన వైపు బోరు నీళ్లలో చాలాచోట్ల నైట్రేట్, ఫ్లోరైడ్ ఎక్కువ. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రెండూ నేరుగా పనికిరావు, ఆర్వో, ఆపైన మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెజిన్ దాటి రావాల్సిందే.

ఇక్కడ చాలామంది మోసపోయేది వంటింటి ఆర్వోతో. ఇంట్లో తాగునీటి ఆర్వోల్లో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటుంది. రుచి కోసం శుద్ధి చేసిన నీటిలో కొంత పచ్చి నీరు మళ్లీ కలుపుతుంది. కొన్నింట్లో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. అంటే మీరు శుభ్రమైన నీళ్లనుకుని పోసేదాంట్లో బోరు నీళ్లు కూడా ఉన్నట్టే. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. 5 దాటితే మెంబ్రేన్ నుంచి వచ్చే పైపు దగ్గరే, కంట్రోలర్‌కు ముందు, టీ జాయింట్ (మూడు దారుల పైపు ముక్క) పెట్టి నీళ్లు తీసుకుని దాన్ని డీఐ రెజిన్ గుండా పంపండి. చివర మీటర్ 0 చూపాలి. వాటర్ ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల బబుల్ నీళ్లకూ ఇదే మాట: మీటర్ పెట్టకుండా నమ్మొద్దు.

తర్వాత మేత. ఫ్రోజెన్ క్యూబ్‌ను కరిగిన నీళ్లతో సహా పోయకుండా, టీ జాలీలో ఆర్వో నీళ్లతో కడిగి వేయండి. మార్కెట్ రొయ్యలు కోసి వేసేవాళ్లు కూడా కడిగే వేయాలి. ఫిల్టర్ సాక్ మూడు రోజులకోసారి ఉతకండి. ఈ రెండు పనులతోనే నైట్రేట్ దిగి, వెనిగర్ అవసరం పడని ట్యాంకులూ ఉంటాయి.

3. మీ కిట్ నిజం చెబుతోందా

కిట్లు మన ఎండలకు తొందరగా పాడవుతాయి. కొరియర్‌లోనే సగం ఉడికి వస్తాయి. ఫ్రిజ్ మీద కాదు, చల్లగా చీకటిగా ఉండే అల్మారాలో పెట్టండి, గడువు తేదీ చూడండి. నైట్రేట్ కిట్లలో కొన్నింటికి రెండో సీసాను అర నిమిషం గట్టిగా ఊపాలి. ఊపకపోతే అడుగున మందు గడ్డకట్టి రీడింగ్ తక్కువ చూపుతుంది.

అనుమానముంటే ఇలా పరీక్షించండి. ల్యాబ్ గ్రేడ్ పొటాషియం నైట్రేట్ 1.63 గ్రాములను 1 లీటర్ డీఐ నీటిలో కరిగిస్తే అది 1000 పీపీఎం నైట్రేట్. అందులోంచి 10 మి.లీ. తీసి, నీళ్లు చేర్చి 1 లీటర్ చేస్తే 10 పీపీఎం. మీ కిట్ దానికి 10 దరిదాపుల్లో చూపాలి. 25 చూపితే తప్పు ట్యాంకుది కాదు.

ఇంకో రెండు తికమకలు ఉన్నాయి. కొన్ని కిట్లు నైట్రేట్‌ను కాకుండా నైట్రేట్‌లోని నైట్రోజన్‌ను చూపుతాయి. ఆ అంకెను 4.43తో గుణించాలి. కొన్ని డిజిటల్ చెకర్లు ఫాస్ఫేట్ బదులు ఫాస్ఫరస్‌ను పీపీబీలో చూపుతాయి. దాన్ని 3.066తో గుణించి 1000తో భాగించాలి. ఉదాహరణకు 20 చూపితే ఫాస్ఫేట్ 0.06 పీపీఎం. నైట్రేట్ రంగు చార్టు దాటిపోతే, ట్యాంకు నీళ్లు సగం, డీఐ నీళ్లు సగం కలిపి చూసి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి.

వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళకు, ఒకే వెలుతురులో చూడండి.

4. ఊపిరి ఏర్పాటు: దీన్ని దాటవేయొద్దు

మీరు వేసిన వెనిగర్‌ను తినే బ్యాక్టీరియా ఆక్సిజన్ పీలుస్తుంది. ఉప్పునీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మి.గ్రా. ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీలకు చేరితే 6.2 మాత్రమే. ఒకవైపు నీళ్లలో గాలి తగ్గుతుంది, ఇంకోవైపు పీల్చే నోళ్లు పెరుగుతాయి. దానికి తోడు లైట్లు ఆరాక ఆల్గే, కోరల్స్ కూడా ఆక్సిజన్ వదలడం ఆపి పీల్చడం మొదలుపెడతాయి. తెల్లవారుజాముకు ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకే:

- డోస్ ఎప్పుడూ పొద్దున, లైట్లు వెలిగిన గంట తర్వాత. మోతాదు 100 లీటర్లకు 6 మి.లీ. దాటాక పొద్దున సగం, మధ్యాహ్నం సగం. రాత్రి అస్సలు వద్దు.
- నీటి పైపొర కదులుతూ ఉండాలి. ఒక వేవ్ మేకర్‌ను (ట్యాంకులో నీళ్లను కదిలించే పంపును) పైకి తిప్పి పెట్టండి.
- స్కిమ్మర్ గాలి పైపు చివర ఉప్పు పేరుకుంటుంది. వారానికోసారి గోరువెచ్చని నీళ్లు పీల్పించండి. స్కిమ్మర్ నడుస్తూనే ఉన్నట్టు కనిపించి, గాలి సగానికి పడిపోయి ఉంటుంది.
- నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటిన రోజు డోస్ పెంచొద్దు. 29 దాటితే ఆ రోజు డోసే వద్దు.

చిల్లర్ లేనివాళ్లు ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టి చల్లబరుస్తారు. ఇది గాలి పొడిగా ఉన్నంతవరకే పనిచేస్తుంది. అదే గదిలో ఎయిర్ కూలర్ నడిపితే గాలిలో తేమ పెరిగి, నీరు ఆవిరి కావడం తగ్గి, ఫ్యాన్ ఫలితం పడిపోతుంది. గదికి కూలర్, ట్యాంకుకు ఫ్యాన్ కలిసి పనిచేయవు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వర్షాల దాకా చిల్లరో ఏసీనో లేని ట్యాంకులో కార్బన్ డోసింగ్ కొత్తగా మొదలుపెట్టకండి. జూలైలోనో దసరా తర్వాతో మొదలుపెట్టండి.

కరెంటు పోతే మొట్టమొదట నడవాల్సింది లైటు కాదు, హీటరు కాదు, వేవ్ మేకర్. దాన్ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపును కరెంటు పోగానే తనంతట తాను ఆన్ అయ్యే రకం తీసుకోండి. అర్ధరాత్రి మీరు లేవకపోయినా అది లేస్తుంది.

5. మొదటి వారం

ఫాస్ఫేట్‌ను లాగే జీఎఫ్ఓ అనే తుప్పు రంగు గుళికలు నడుపుతుంటే ముందు సగానికి తగ్గించండి. రెండూ కలిసి ఫాస్ఫేట్‌ను ఒక్కసారిగా ఊడ్చేస్తాయి.

4 శాతం వెనిగర్ మోతాదు, ప్రతి 100 లీటర్ల నీటికి, రోజుకు:

- 1 నుంచి 3 రోజులు: 1 మి.లీ.
- 4 నుంచి 7 రోజులు: 2 మి.లీ.

పైన చెప్పిన 240 లీటర్ల ట్యాంకుకు మొదటి మూడు రోజులు 2.4 మి.లీ., తర్వాత 4.8 మి.లీ. అన్నమాట. సిరంజితో తీసి, ఒక గ్లాసు ట్యాంకు నీటిలో కలిపి, సంప్‌లో నీటి వడి ఉన్న చోట మెల్లగా పోయండి. కోరల్ మీద పడొద్దు.

వెనిగర్ పులుపు వల్ల పీహెచ్ కాసేపు కొద్దిగా దిగి మళ్లీ లేస్తుంది. 100 లీటర్లకు 10 మి.లీ. ఒకేసారి పోసినా కేహెచ్ మీద పడే తాత్కాలిక దెబ్బ 0.2 డిగ్రీల లోపే. భయపడేదేం లేదు, కాని మీ గది తలుపులు మూసి ఏసీ వేసి ఉండేదైతే పీహెచ్ ముందే తక్కువగా ఉంటుంది. స్కిమ్మర్ గాలి పైపును కిటికీ బయటికి తీస్తే తేడా కనిపిస్తుంది.

ఈ వారంలో ఏమీ జరగదు. జరగకపోవడమే కావాలి.

6. పెంచడం

రెండో వారం 100 లీటర్లకు రోజుకు 4 మి.లీ. మూడో వారం 6, నాలుగో వారం 8, ఐదో వారం 10. ఇలా వారానికి 2 మి.లీ. చొప్పున. ప్రతిసారి పెంచే ముందు ఈ నాలుగూ చూడండి:

1. నీళ్లు తేటగా ఉన్నాయా? అద్దం ఈ చివర నుంచి ఆ చివరకు, పొడవు వైపు నుంచి చూడండి. ముందు నుంచి చూస్తే పలుచని మసక తెలియదు.
2. పొద్దున లైట్లు వెలగకముందు టార్చి వేసి చేపలను చూడండి. మొప్పలు వేగంగా ఆడుతున్నా, పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నా ఆగండి.
3. స్కిమ్మర్ కప్పులో ముదురు మురికి పెరుగుతోందా? డోసింగ్ పనిచేస్తోందనడానికి నైట్రేట్ అంకె కంటే ముందు కనిపించే గుర్తు ఇదే.
4. ఈ వారం నైట్రేట్ ఎంత?

నైట్రేట్ కదలడం మొదలైందా, అంతే, అక్కడ పెంచడం ఆపండి. 40 నుంచి 35కు దిగినా దిగినట్టే. అదే మోతాదు కొనసాగిస్తే వచ్చే వారాల్లో ఇంకా దిగుతుంది, ఎందుకంటే బ్యాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: కొంచెం దిగింది కదా, ఇంకొంచెం పోస్తే ఇంకా వేగంగా దిగుతుందని. అప్పుడు ఒక్క వారంలో 30 నుంచి 2కు పడిపోతుంది, కోరల్స్ పాలిపోయి అడుగు నుంచి తోలు ఊడటం మొదలవుతుంది. వారానికి ఉన్నదాంట్లో పావు వంతు కంటే వేగంగా దించకండి.

100 లీటర్లకు 20 మి.లీ. చేరినా నైట్రేట్ కదలకపోతే ఇంకా పెంచొద్దు, వెనక్కి వెళ్లి వెతకండి. టాప్ అప్ నీటి (ఆవిరైన నీటికి బదులు పోసే నీటి) టీడీఎస్ చూడండి. స్కిమ్మర్ గాలి చూడండి. కిట్ చూడండి. ఫాస్ఫేట్ చూడండి: అది సున్నా అయిపోతే బ్యాక్టీరియా పెరగలేదు, నైట్రేట్ అక్కడే నిలిచిపోతుంది.

7. నిలబెట్టే మోతాదు

సాఫ్ట్ కోరల్స్, ఎల్‌పీఎస్ ఉన్నచోట నైట్రేట్ 5 నుంచి 10, ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌ల గట్టి పగడాలు) ఉన్నచోట 2 నుంచి 5 రాగానే మోతాదును సగం చేయండి. రెండు వారాలు చూడండి. పైకి పాకుతుంటే పదో వంతు పెంచండి, దిగుతుంటే పదో వంతు తగ్గించండి. కొత్త చేప వేసినా, మేత పెంచినా మళ్లీ సరిచూసుకోవాలి.

ఈ దశలో కేహెచ్‌ను 7 నుంచి 8.5 మధ్య ఉంచండి. పోషకాలు తక్కువై, కేహెచ్ 10, 11 ఉంటే ఎస్‌పీఎస్ కొనలు తెల్లగా కాలినట్టవుతాయి. ఎక్కువ కేహెచ్ ఉప్పు వాడేవాళ్లు ఇది గమనించాలి.

8. ఫాస్ఫేట్ వేరే లెక్క

బ్యాక్టీరియా నైట్రేట్‌ను ఎక్కువ, ఫాస్ఫేట్‌ను కొద్దిగా తింటుంది. కాబట్టి నైట్రేట్ 3కు వచ్చినా ఫాస్ఫేట్ 0.25 దగ్గరే ఉండిపోవడం మామూలు. దాన్ని దించడానికి వెనిగర్ పెంచితే నైట్రేట్ సున్నా అవుతుంది తప్ప ఫాస్ఫేట్ పోదు. అప్పుడు జీఎఫ్ఓను ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో పావు వంతుతో మొదలుపెట్టి 0.03, 0.1 మధ్యకు మెల్లగా తేవాలి. పాత రాళ్లు లోపల దాచుకున్న ఫాస్ఫేట్‌ను వారాల తరబడి వదులుతుంటాయి, కాబట్టి ఒకసారి దిగి మళ్లీ పెరిగితే ఆగం కావొద్దు.

దీనికి తలకిందులుగా, నైట్రేట్ పూర్తిగా సున్నా అయ్యి ఫాస్ఫేట్ మిగిలితే కొద్దిగా నైట్రేట్ వేయాల్సి వస్తుంది. 200 లీటర్లకు 2 పీపీఎం పెంచాలంటే ల్యాబ్ గ్రేడ్ సోడియం నైట్రేట్ 0.55 గ్రాములు. ఎరువుల దుకాణంలో దొరికేది వద్దు.

వెనిగర్ బదులు వేరేవి

వోడ్కా: పనిచేస్తుంది. మన వైన్స్‌లో దొరికే మామూలు వోడ్కా 42.8 శాతం. అందులో కార్బన్ ఎంత చిక్కగా ఉంటుందంటే 1 మి.లీ. వోడ్కా సుమారు 11 మి.లీ. 4 శాతం వెనిగర్‌తో సమానం. అంటే 100 లీటర్లకు మొదటి డోస్ 0.1 మి.లీ. మాత్రమే. దీన్ని కొలవడంలో పెద్ద ప్రమాదం ఇన్సులిన్ సిరంజి. మన మెడికల్ షాపుల్లో రెండు రకాలుంటాయి: యూ-40లో 1 మి.లీ. అంటే 40 గీతలు, యూ-100లో 100 గీతలు. 0.1 మి.లీ. కావాలంటే మొదటిదాంట్లో 4, రెండోదాంట్లో 10. ఇది చూసుకోకుండా యూ-40తో 10 గీతలు లాగితే రెండున్నర రెట్లు పడుతుంది. వెనిగర్‌లో ఒక మి.లీ. చేయి జారినా ట్యాంకు తట్టుకుంటుంది, వోడ్కాలో తట్టుకోదు. వెనిగర్ మేలనడానికి ఇదే కారణం. ఫ్లేవర్ ఉన్న వోడ్కా వద్దు. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, పెయింటు దుకాణంలోని స్పిరిట్ పొరపాటున కూడా వేయొద్దు, వాటిలో కలిపేవి విషం.

రెడీమేడ్ డోసింగ్ ద్రవాలు: సీసా మీద చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. వాటితో పాటు వెనిగర్ వేయొద్దు, కార్బన్ రెట్టింపవుతుంది.

బయోపెల్లెట్లు: రియాక్టర్‌లో ఎప్పుడూ దొర్లుతూ ఉండాల్సిన గుళికలు. కరెంటు గంటల తరబడి పోతే రియాక్టర్‌లో నీరు నిలిచి, ఆక్సిజన్ అయిపోయి, కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. కరెంటు రాగానే పంపు ఆ నీటిని మొత్తం ట్యాంకులోకి తోస్తుంది. ఇన్వర్టర్ మీద రియాక్టర్ పంపు కూడా నడిపే ఏర్పాటు లేకపోతే మన దగ్గర ఇవి పెట్టకపోవడమే మంచిది. పెట్టినవాళ్లు, కరెంటు ఎక్కువసేపు పోయి వస్తే రియాక్టర్ నీళ్లు బకెట్‌లోకి వంచి, కడిగాకే తిరిగి కలపండి.

తరచూ జరిగే పొరపాట్లు

టాప్ అప్ నీటిలో వెనిగర్ కలపడం అన్నిటికంటే చెడ్డ పొదుపు. జనవరిలో రోజుకు రెండు లీటర్లు ఆవిరయ్యే ట్యాంకు మే నెలలో నాలుగైదు లీటర్లు తాగుతుంది. అంటే నీళ్లు వేడిగా, ఆక్సిజన్ తక్కువగా ఉన్న నెలలోనే మీ డోస్ తనంతట తాను రెట్టింపవుతుంది. పైగా ఆ డబ్బాలోనే జిగురు పెరిగి పైపు మూసుకుపోతుంది.

డోసింగ్ పంప్ పెట్టేవాళ్లు సీసాను పంప్ కంటే, పైపు చివర కంటే కింద పెట్టాలి. పైపు చివర నీటిలో మునగొద్దు. పైన పెడితే పంప్ రోలర్ అరిగిన రోజున సైఫన్ పట్టి సీసా మొత్తం దిగిపోతుంది. అందుకే సీసాలో వారం డోస్‌కు మించి పోయకండి. నెలకోసారి పంపును 10 మి.లీ. సిరంజిలోకి నడిపి, ఎంత వస్తోందో చూడండి.

ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండింతలు వేయొద్దు. పోయింది పోయిందే.

సయనో (ఎర్రని పొరలా పెరిగే సయనోబ్యాక్టీరియా) మందు, యాంటీబయాటిక్ లాంటివి ట్యాంకులో వేసేటప్పుడు డోసింగ్ ఆపండి. చచ్చిన బ్యాక్టీరియా, కొత్త కార్బన్ కలిస్తే నీళ్లలో గాలి మిగలదు.

ఇలా కనిపిస్తే ఇలా చేయండి

నీళ్లు పాలలా తెల్లబడితే: బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగింది. డోస్ పూర్తిగా ఆపండి. ఎయిర్ స్టోన్లు వేయండి, స్కిమ్మర్‌ను తడిగా (నురగతో పాటు నీళ్లు కూడా ఎక్కువ వచ్చేలా) నడపండి, మేత ఒక రోజు మానండి. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తుంటే 20 శాతం నీళ్లు మార్చండి. రెండు మూడు రోజుల్లో తేటపడుతుంది. వారం ఆగి, పాత మోతాదులో సగంతో మళ్లీ మొదలుపెట్టండి.

పైపుల్లో, పవర్‌హెడ్ (నీటిలో మునిగి నడిచే పంపు) మీద తెల్లని జిగురు తీగలు: కొద్దిగా ఉంటే మామూలే, బ్రష్ చేసి తీయండి. రోజూ వస్తుంటే మోతాదు మూడో వంతు తగ్గించండి.

ఇసుక మీద ఎర్రని చర్మంలా పొర: సయనో. వోడ్కా వేస్తుంటే వెనిగర్‌కు మారండి, మోతాదు తగ్గించండి, ఆ చోట నీటి వడి పెంచండి, పొరను సన్నని పైపుతో పీల్చి తీయండి.

గోధుమ రంగు జిగురు, తీగల చివర బుడగలు, రాత్రికి తగ్గి మధ్యాహ్నానికి మళ్లీ రావడం: డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు) కావొచ్చు. నైట్రేట్, ఫాస్ఫేట్ చూడండి, చాలాసార్లు రెండిట్లో ఒకటి సున్నా ఉంటుంది. డోసింగ్ ఆపి, ఆ సున్నాను పైకి తేవాలి. ఇక్కడ ఇంకా శుభ్రం చేయాలని వెనిగర్ పెంచితే అవి ఇంకా రెచ్చిపోతాయి. ఇవి తిన్న నత్తలు చచ్చిపోతుంటే పైలంగా ఉండండి, కొన్ని రకాలు విషం వదులుతాయి.

కోరల్స్ పాలిపోవడం: పోషకాలు అతి వేగంగా దిగాయి. డోస్ సగం చేయండి, మేత కొంచెం పెంచండి, లైటు పదిహేను ఇరవై శాతం తగ్గించండి.

డోస్ వేసిన గంటకే కరెంటు పోతే: బ్యాటరీ పంపు ఆన్ చేయండి. అది లేకపోతే ఒక మగ్గుతో నీళ్లు ముంచి, అడుగు ఎత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండండి. ప్రతి పది నిమిషాలకు ఇరవై మగ్గులు పోసినా చేపలు నిలుస్తాయి. కరెంటు వచ్చినా మర్నాటి డోస్ మానండి.

ఊరికి పోయేటప్పుడు, మానేసేటప్పుడు

సమ్మక్క జాతరకో, పెళ్లికో నాలుగు రోజులు పోతుంటే డోసింగ్ పని పక్కింటివాళ్లకు అప్పగించొద్దు. మేత వేయమనండి చాలు, అదీ పొట్లాలు కట్టి ఇచ్చి. నాలుగైదు రోజులు వెనిగర్ లేకపోతే నైట్రేట్ కొద్దిగా పెరుగుతుంది, అంతకంటే ఏమీ కాదు. తిరిగొచ్చాక రెండు రోజులు సగం డోస్ వేసి, మూడో రోజు మామూలుకు రండి. పది రోజులు దాటితే మళ్లీ రెండో వారం మోతాదు నుంచి ఎక్కాలి, ఎందుకంటే మీరు పెంచిన బ్యాక్టీరియా అప్పటికి తగ్గిపోయి ఉంటుంది.

పూర్తిగా మానాలనుకుంటే వారానికి పావు వంతు చొప్పున తగ్గిస్తూ నెలలో ఆపండి. ఆ నెలలోనూ, తర్వాతి నెలలోనూ నైట్రేట్ పరీక్ష మానొద్దు. వెనిగర్ ఇన్నాళ్లు కప్పి ఉంచిన మేత ఎక్కువ, నీళ్ల మురికి అప్పుడు బయటపడతాయి.